ఏబేలు పోసిన నీళ్లు

నా నోరు మంచిది కాదని మా పేటంతా అంటారు. అననీ. నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత చెప్తారు గానీ, ఊరు మంచిగుంటే గదా నా నోరు మంచిగుండేది. మా తమ్ముడు ఏబేలు సంగతి చెప్పాలంటే మెత్తగా చెప్పడం నా వల్ల కాదు. నా పేరు లీదియా. మార్కాపురంలో రామసుబ్బయ్య మేస్త్రి కింద సిమెంటు మాలు మోసేదాన్ని. ఏబేలును ఆయన దగ్గర పనిలో పెట్టింది గూడా నేనే.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ దుమ్ముకు దగ్గి దగ్గి పోయినాడు. పోయేముందు మా అమ్మతో ఒకటే అన్నాడు, వాడిని మాత్రం పలకల్లోకి పంపొద్దని. సరే, పంపలేదు. వాడు ఇంటర్ పూర్తిచేసి, ఫోను చూస్కుంటా అరుగు మీద కూర్చున్నాడు. ఎండ జరిగితే వాడూ జరిగేవాడు. అంతకుమించి పని లేదు. నాకు ఒళ్లు మండి ఒకరోజు చొక్కా పట్టుకొని లాక్కపోయి మేస్త్రి ముందర నిలబెట్టినాను. మామా, వీడికి నీ విద్య నేర్పు, లేదంటే కాంక్రీటు కలిపే నీ మిల్లర్లో వేసి తిప్పు, ఏదో ఒకటి చెయ్యి అన్నాను. ఆయన నవ్వి, వాడి చేతిలో తాపీ పెట్టకుండా నీళ్ల పైపు పెట్టినాడు.

మా మేస్త్రి దగ్గర ఎవడు చేరినా మొదట నేర్చుకునేది అదే. కట్టిన గోడకు, పోసిన స్లాబుకు నీళ్లు కొట్టడం. సిమెంటు పని చేసిన మొదటి దినాల్లో దానికి నీళ్లే బలం, అవి లేకపోతే పైకి బాగనే ఉంటది గానీ లోపల గుల్ల. నీళ్లు కొట్టనోడు మేస్త్రి కాదు, మోసగాడు అనేవాడు ఆయన. ఏబేలు మొదట్లో మొహం మాడ్చుకున్నాడు. ఇంటర్ చదివి పైపు పట్టుకునేది ఏందక్కా అన్నాడు. పట్టుకోరా, నీ చదువుకు పైపన్నా దొరికింది అన్నాను.

తర్వాత వాడికి ఎట్ల పట్టిందో ఏమో, పని పట్టింది. తాపీ పట్టినాడు, తూకం గుండు పట్టినాడు, ఇటుక మీద ఇటుక పెట్టినాడు. మేస్త్రి వాడిని ఇంకో పనికి గూడా వెంట తీస్కపోయేవాడు. కొత్త ఇల్లు గుత్తకు మాట్లాడేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఇల్లుగలవాళ్ల అన్నం తింటా గుత్త మాట్లాడొద్దురా, ఉప్పు నాలుక మీదుంటే లెక్క నోట రాదు అని చెప్పేవాడు. కిటికీ యాడ పెట్టాలో డబ్బులిచ్చే మగాణ్ణి అడక్కు, వాడు వీధి వైపు అంటాడు, పొయ్యి దగ్గరుండే ఆడమనిషిని అడుగు, ఆమెకు తెలుసు పొగ ఎటు పోతదో అనేవాడు. ఆయన చెప్పేవన్నీ వాడు ఇంటికొచ్చి నాకు అప్పజెప్పేవాడు. ఆదివారం చర్చిలో కూర్చొని పైకి చూస్తా ఉంటే, పాస్టరుగారు పిల్లోడు ప్రార్థనలో మునిగిపోయినాడని మెచ్చుకున్నాడు. వాడు నా చెవిలో, అక్కా ఆ మూల ప్లాస్టరింగు వంకర పోయింది చూసినావా అన్నాడు. నేను నోట్లో కొంగు కుక్కోవాల్సి వచ్చింది.

మా దిక్కు ఒక పద్ధతుంది. గృహప్రవేశం రోజు ఇల్లుగలవాళ్లు మేస్త్రిని పీట మీద కూర్చోబెట్టి బట్టలు పెడతారు. ఆ పొద్దు మేస్త్రి తన దగ్గర నేర్చుకున్నోడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటే, వాడిక్కూడా బట్టలు పెట్టాల్సిందే. అట్ల పక్కన కూర్చున్న రోజు నుంచి వాడూ మేస్త్రే. కాయితం లేదు, సర్టిఫికెట్టు లేదు, చూసిన పదిమందే సాక్ష్యం. మరుసటి రోజు నుంచి వాడు సొంతంగా గుత్తలు మాట్లాడొచ్చు, పనోళ్లను పెట్టుకోవచ్చు. ఆ పీట మీద కూర్చోకుండా ఎవడన్నా నేను మేస్త్రినంటే, యాడ కూర్చున్నావు, ఎవరు కూర్చోబెట్టినారు అని అడుగుతారు.

మేస్త్రికి మగపిల్లల్లేరు. మోకాళ్లు అరిగిపోయినాయి, నిచ్చెన ఎక్కాలంటే మూలుగుతాడు. హనుమంతునిపాడు అవతల గొర్లకాపర్ల ఊళ్లో శ్రీశైలమ్మ అనే ఆమె ఇల్లు గుత్తకు ఒప్పుకున్నరోజు ఏబేలును పిలిచి, ఈ ఇల్లు నీదిరా అబ్బయ్యా, పునాది నుంచి స్లాబు దాకా నువ్వే నిలబడు, ఇది నిలబడితే గృహప్రవేశం రోజు నా పక్కన కూర్చుందువు అన్నాడు. నేను పక్కనే ఇసుక జల్లిస్తా ఉన్నాను. నా చేతిలో జల్లెడ ఆగిపోయింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్తే అమ్మ నాయన ఫోటో ముందర నిలబడి చాలాసేపు ఏడ్చింది.

శ్రీశైలమ్మ మంచిదే. అది గూడా చెప్పాలి. మొగుడు పోయినాక గొర్లను సాకి కొడుకును పెంచింది. కొడుకు రమణ మందతో నల్లమల దిక్కు పోతే నెలలకొద్దీ రాడు. కోడలు రాధిక అప్పుడు నిండు చూలాలు. మనవడో మనవరాలో కొత్తింట్లో పాకాలని ఆ ముసలామె ఆశ. మాకు మధ్యాన్నం అన్నం పెట్టేది. వద్దన్నా కొసరి కొసరి కూర వేసేది. కాకపోతే బయట పెట్టేది, పందిట్లో. మా గ్లాసులు మేమే తెచ్చుకునేవాళ్లం. ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. కూలికి పోయిన చోటల్లా ఉండేదే గదా అని నేనూ దాని గురించి ఏమీ అనుకునేదాన్ని కాదు. నోరు పెద్దదైనా కూటికి పోయినప్పుడు మూసుకోవాలి.

ఏబేలు ఆ ఇంటిని ప్రేమగా కట్టినాడు. వాడు కట్టిన గోడ పక్కన తూకం గుండు వేలాడదీసి మేస్త్రి చూసినాడు, ఒక్క మాట అనకుండా బీడీ ముట్టించుకున్నాడు. ఆయన బీడీ ముట్టించుకున్నాడంటే బాగుందని అర్థం.

ఎండాకాలం నడిమధ్యలో స్లాబు పోసినాం. మిల్లర్ ఆగేదాకా ఏబేలు అన్నం తినలేదు. మరుసటి రోజు స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టినాడు. మేస్త్రికి కంభంలో ఇంకో స్లాబుంది. పోతా పోతా, రాళ్లు పగిలే ఎండలురా, మడులు ఎండనియ్యొద్దు, ఒక్క పూట గూడా ఎండనియ్యొద్దు, నేనొచ్చేదాకా నువ్వే మేస్త్రివి అని చెప్పి పోయినాడు. నేనూ ఏబేలూ ఆ ఊళ్లోనే కొట్టంలో ఉండిపోయినాం.

ఆ ఊళ్లో బోర్లు ఎండిపోయి ఏళ్లయింది. పంచాయతీ ట్యాంకరు వస్తేనే నీళ్లు. మేస్త్రి మా పనికి వేరే ట్యాంకరు మాట్లాడి పెట్టినాడు, అది రోజు విడిచి రోజు వచ్చి తొట్టి నింపిపోయేది. సరిగ్గా ఆ వారంలోనే పంచాయతీ ట్యాంకరు నింపే బోరు మోటరు కాలిపోయింది. ఊరికి ట్యాంకరు రాలేదు. ఒక రోజు చూసినారు. ఇంకో రోజు చూసినారు. మూతలేసిన బిందెలన్నీ బోర్లించినారు.

మొదట వచ్చింది రాధిక. అప్పటికి పురుడొచ్చి ఆడపిల్ల పుట్టింది. పచ్చి బాలింత, నెత్తికి గుడ్డ కట్టుకొని బిందె పట్టుకొని వచ్చి దూరంగా నిలబడింది. తమ్ముడా, చంటిదానికి నీళ్లు పోసి రెండు రోజులైంది, ఒక్క బిందె అని అడిగింది. నువ్వు కొంచెం పక్కకు జరుగు, నేనే ముంచుకుంటా అని గూడా అన్నది. ఏబేలు పక్కకు జరిగినాడు. ఆ తర్వాత పక్కింటామె వచ్చింది. ఆమె వెనకాల ఇంకొకామె. సాయంత్రానికి వీధి వీధంతా వచ్చింది. మొదట్లో వాడిని జరగమన్నోళ్లే, తొట్టిలో నీళ్లు అడుగంటి చేతికి అందకపోయేసరికి, అబ్బాయా నువ్వే పైపు పెట్టి పట్టియ్యి అన్నారు. వాడు ఒక్కొక్క బిందె పట్టి వాళ్ల నడుము మీదికి ఎత్తినాడు. శ్రీశైలమ్మ గూడా వచ్చింది. వాడి చేతుల్లోంచే తీసుకొని, సల్లగుండు నాయనా అన్నది. నేను నా రెండు కళ్లతో చూసినాను, నా రెండు చెవులతో విన్నాను.

ఒరే, స్లాబు ఎండతా ఉందిరా అని నేను మొత్తుకున్నాను. ట్యాంకరోడికి ఫోన్ చేస్తే, మా దగ్గర గూడా బోరు లాగడం లేదు, చెప్పిన రోజుకే వస్తా, ముందర రాలేను అన్నాడు. మేస్త్రికన్నా చేసి అడుగు అన్నాను. ఏబేలు ఫోను చేతిలో పట్టుకొని అట్లనే కూర్చున్నాడు. అడిగితే ఆయన వద్దంటాడక్కా అన్నాడు. వద్దన్నాక ఎట్ల పోసేది? ఆయన మాట దాటినట్టు గదా? అడక్కుండా పోస్తే తప్పు నాది ఒక్కడిదే అవుతది. ఇదీ వాడి లెక్క. మా నాయన పోలిక, ఎక్కడా పనికిరాని లెక్క.

వాడు ఊరికే లేడు. గోనెసంచులు తడిపి స్లాబు మీద పరిచినాడు, వరిగడ్డి అడుక్కొచ్చి కప్పినాడు. మిట్టమధ్యాన్నం కాళ్లు బొబ్బలెక్కతా ఉంటే పైన తిరిగి, మిగిలిన చెంబెడు నీళ్లు చిలకరించినాడు. ఆ ఎండకు గోనెలు అప్పడాలయినాయి. మడుల్లో మట్టి నెర్రెలిచ్చింది. మళ్లీ మా ట్యాంకరొస్తే సగం పైకి ఎక్కించినాడు, సగం బిందెలకు పోసినాడు. అట్ల ఊరి ట్యాంకరు తిరిగి వచ్చేదాకా నడిచింది. ఆ తర్వాత మడులు నిండా నింపినాడు. మేస్త్రి వచ్చి చూసేటప్పటికి స్లాబు మీద నీళ్లు తళతళలాడతా ఉన్నాయి. ఆయన వాడి వీపు తట్టి బీడీ ముట్టించుకున్నాడు. నేను నోరు తెరవబోతే ఏబేలు కళ్లతో వద్దన్నాడు. నిలబడొచ్చక్కా, ఏం కాకపోవచ్చు అన్నాడు. ఆశ అది. ఆ పక్కన కూర్చునే పీట మీద ఆశ.

ప్లాస్టరింగు అయింది, సున్నం గూడా కొట్టినాం. అప్పుడు పడింది వాన. అన్నాళ్లూ ఆకాశం కేసి చూసినా చుక్క రాల్చని వాన, ఒక్క పూటలో వాగులు పారేంత పడింది. స్లాబు నడిమి గదిలో కారింది. గోడలెంబడి చారలు దిగినాయి. శ్రీశైలమ్మ ఫోన్లో ఏడ్చిన ఏడుపుకు మేస్త్రి మార్కాపురం నుంచి మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకొని పోయినాడు.

పోయేసరికి ఇంటి ముందర ఊరంతా ఉంది. పెద్దమనిషి లక్ష్మీనరసయ్య కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. మేస్త్రి మూలుగుతా నిచ్చెన ఎక్కి, కాసేపుండి దిగినాడు. ఆయనకు చెప్పాల్నా? చీలికలు చూస్తూనే తెలిసిపోయింది, మొదటి దినాల్లో దీనికి నీళ్లు పడలేదని. ఆయన మొహం అట్ల నేనెప్పుడూ చూడలేదు. ఏబేలు ముందర నిలబడి, నీళ్లు కొట్టినావా లేదా అని అడిగినాడు, అంతే.

నేనాగలేకపోయినాను. ఆ నీళ్లు ఈ ఊరికే పోసినాడు మామా, వీళ్ల బిందెలకు పట్టినాడు, అడుగు వీళ్లను అన్నాను. ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించినాను. నువ్వు రాలేదా, నువ్వు తీస్కపోలేదా అన్నాను. లక్ష్మీనరసయ్య కుర్చీలోంచి నా దిక్కు చూడకుండా ఆడోళ్ల దిక్కు చూసినాడు.

"ఏమ్మా, మనూరి ఆడోళ్లు ఆ పిల్లోని చేతి నీళ్లు పట్టుకొచ్చి ఇంట్లో వాడినారా?"

అట్ల అడిగినాడు. వీళ్లు నీళ్లు తీసుకున్నారా అని అడిగుంటే ఎవరన్నా అవునందురేమో. ఆ పిల్లోని చేతి నీళ్లా అని అడిగినాడు. మొగుళ్లు ఉన్నారు, అత్తలున్నారు, వరసైనోళ్లున్నారు. ఆ పదిమందిలో ఎవరు నోరు తెరుస్తారు? పక్కింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాధిక బిడ్డను భుజం మార్చుకుంది. ఏరు దాటినాక తెప్ప తగలేయడం అంటే విన్నాను గానీ, ఆరోజు కళ్లారా చూసినాను. చివరికి లక్ష్మీనరసయ్య శ్రీశైలమ్మనే అడిగినాడు. నాకు తెలీదు నాయనా, నేను గొర్ల కాడ ఉంటి అన్నది ఆమె. నేల చూసి అన్నది.

అప్పుడు ఏబేలు నోరు విప్పినాడు. "మా అక్క నా మీద ప్రేమకొద్దీ అంటా ఉంది మామా. ఎవరికీ పోయలేదు. ఎండకు తాళలేక నీడన పడుకున్నా."

ఎందుకురా అని అరిచినాను. వాడు నా మొహం చూడలేదు. మేస్త్రి తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకొని, ఇంటి ఖర్చు నాదే, స్లాబు బాగుచేసి ఇస్తా అని శ్రీశైలమ్మతో చెప్పినాడు. చెప్పినట్టే చేసినాడు. పైన మందు పూయించి, ఇంకో పొర పోయించినాడు. అక్కడితో పంచాయితీ అయిపోయింది.

తిరిగొచ్చినాక వాడిని పట్టుకొని అడిగినాను, ఎందుకట్ల అన్నావని. ఆ రాధిక అవునని ఉంటే రమణ ఇంట్లో ఉండనిస్తాడా అక్కా, నేను బిందె ఎత్తినప్పుడు ఆ పాప ఆమె చంకలో ఏడస్తా ఉంది, అదే గుర్తొచ్చింది అన్నాడు. ఒరే పిచ్చోడా, వాళ్ల పరువుకు నీ బతుకు అడ్డమేసినావు గదరా అని నేను నెత్తి కొట్టుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాదంటారు. వాడు మా కడుపు చించి వాళ్ల కాళ్లకు మెత్తగా పరిచినాడు.

తర్వాత ఒకరోజు మేస్త్రి మా ఇంటికొచ్చినాడు. మా అరుగు మీద కూర్చున్నాడు. లీదియమ్మా, నువ్వు చెప్పిందే నిజమని నాకు ఆరోజే తెలుసు, వీడు పడుకునేవాడు కాదు అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మరి పిలువు మామా, పక్కన కూర్చోబెట్టుకో అన్నాను. ఆయన కళ్లు ఎర్రబడినాయి. నిజం నాకొక్కడికే తెలుసు, అబద్ధం పదిమంది చెవుల్లో వీడే వేసినాడు, పడుకున్నానని తానే చెప్పుకున్నోడిని నేను పీట మీద కూర్చోబెడితే రేపు నా మాట మీద ఎవరు ఇల్లు కట్టించుకుంటారు అన్నాడు. పోతా పోతా ఏబేలు తల మీద చెయ్యి పెట్టినాడు. నాకొక కొడుకుంటే బాగుండేదని అనుకునేవాణ్ణిరా, నిన్ను చూసి ఉన్నాడనుకున్నా అని చెప్పి పోయినాడు. గృహప్రవేశం రోజు ఆయన ఒక్కడే పీట మీద కూర్చున్నాడని చూసినోళ్లు చెప్పినారు.

పామూరు దాకా పాకింది ఆ మాట. గుత్త మాట్లాడబోతే, ఓ, స్లాబు ఎండబెట్టి పడుకున్న పిల్లోడివి గదా అనేవాళ్లు. ఇంకో మేస్త్రి దగ్గరికి పోతే ఆయనా అదే. ఇప్పుడు పొద్దున్నే కూలోళ్లతో పాటు మార్కాపురం సెంటర్లో నిలబడతాడు. శాంతయ్య అని వాడి తర్వాత చేరిన పిల్లోడు, తాపీ ఎట్ల పట్టాలో ఏబేలే నేర్పినాడు వాడికి. ఆ శాంతయ్య ఇప్పుడు మేస్త్రి. వాడి కింద ఏబేలు మాలు అందిస్తాడు. నేనా పని మానుకొని ఇళ్లల్లో అంట్లు తోముతా ఉన్నాను. ఆ సిమెంటు వాసన నాకు పడటం లేదు.

మొన్న సాయంత్రం శ్రీశైలమ్మ వచ్చింది. బస్సు దిగి, దారి అడుగుతా అడుగుతా మా పేటకు వచ్చింది. చేతిలో సంచి. అరుగు మీద కూలబడి, దూపైతా ఉంది అమ్మీ, కాసిని నీళ్లియ్యి అన్నది. నేను కావాలనే మా చెంబుతో ఇచ్చినాను, ఏం చేస్తదో చూద్దామని. గటగటా తాగింది. ఇంకో చెంబు అడిగి అదీ తాగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అవ్వా, మా ఇంట్లో నీళ్లు ఇంత బాగా తాగేదానివి, ఆరోజు ఆ ఒక్క మాట ఎందుకనలేదు?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఈడ మావాళ్లు ఎవరున్నారమ్మా చూసేదానికి."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగినాయి. నిజంగానే తిరిగినాయి, దొంగ ఏడుపు కాదు. ఇప్పుడన్నా మేస్త్రికి ఫోన్ చేసి చెప్పు, లక్ష్మీనరసయ్య ముందర చెప్పు అన్నాను. అదొక్కటి తప్ప ఇంకేదన్నా అడుగు, ఆ ఊళ్లో బతకాల గదా అన్నది. ఎంత తిట్టాలనుకున్నానో, ముసలి ముండ కాళ్లకు చెప్పులు గూడా లేకుండా వచ్చింది, నోరు రాలేదు.

అప్పుడే ఏబేలు పని నుంచి వచ్చినాడు. ఒళ్లంతా సిమెంటు. ఆమె లేచి సంచిలోంచి ప్యాంటుగుడ్డ, చొక్కాగుడ్డ తీసి వాడి చేతుల్లో పెట్టింది. గృహప్రవేశం రోజు పెట్టాల్సినవి నాయనా అన్నది. వాడు చెయ్యి సిమెంటుదని బనీనుకు తుడుచుకొని తీసుకున్నాడు. తిట్టలేదు, అడగలేదు. పాప బాగుందా అన్నాడు. నడస్తా ఉంది అన్నది. ఆ తర్వాత వాడు అడిగినాడు.

"ఇల్లు కారతా ఉందా అవ్వా?"

"లేదు నాయనా, చుక్క పడలే. గోడలైతే రాయి మాదిరున్నాయి."

"గోడలు నేనే కట్టినా అవ్వా," అన్నాడు ఏబేలు. ఎవరూ అడగలేదు. ఆమెకు తెలీందీ కాదు. అయినా ఇంకోసారి చెప్పినాడు, పునాది నుంచి స్లాబు దాకా నేనే కట్టినా అని. వాడి మొహంలో అంత వెలుగు నేను చూసి ఎన్నాళ్లయిందో. అరుగు మీద ఆ మాట వినేదానికి మేమిద్దరం ఆడోళ్లమే ఉన్నాం.